గూడెం నుంచి ఏలూరు వరకు, విభక్తుల మీదుగా

తాడేపల్లిగూడెంలో రైలెక్కితే ఏలూరు చేరడానికి గంట పట్టదు. ఆ కాస్త దూరానికి నేను మూడు రోజులు పట్టించాను. తిరిగొచ్చాక మా సంఘంలో ఆడవాళ్ళు నవ్వారు, ఏలూరు వెళ్ళిరావడం కూడా రాసుకునేంత ప్రయాణమా అని. రాసుకునేంతదే. ఆ దారిలో వరిచేలు అందరూ చూసినవే, కొల్లేరు చేపలు అందరూ తిన్నవే. కానీ 'కి', 'లో', 'తో', 'ని' అనే చిన్న మాటల మీద ఒక్కో అడుగే వేసుకుంటూ ఆ దారిన వెళ్ళినవాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు. అలా వెళ్ళనివాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

నేను గూడెంలో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో నర్సుని. జపాను వృద్ధాశ్రమాల్లో పెద్దవాళ్ళకి సేవ చేసేవాళ్ళు కావాలని, దానికి ముందు భాష నేర్పుతారని తెలిసి ఏలూరులో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. అక్కడ పాఠం చెప్పే సారు జపానులో చాలా ఏళ్ళు పనిచేసి వచ్చిన మనిషి. ఆయనకి భాష రాదని నేను అనను, బాగా వచ్చు. పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, ఆయన పాఠమూ ఇంగ్లీషులోనే సాగుతుంది.

జపనీసులో నామవాచకం తర్వాత ఒక చిన్న మాట వచ్చి కూర్చుంటుంది. ఎవరు ఎవరికి ఏం చేశారో చెప్పేది ఆ చిన్న మాటే. సారు వాటిని పార్టికల్స్ అంటారు. ఇంగ్లీషులో ఇన్, ఆన్, ఎట్, విత్ అని చెప్పి వాటికి ముడేస్తారు. మొదటి పరీక్షలో నన్ను 'నీళ్ళు తాగుతాను' అనమన్నారు. నా మనసులో 'నీళ్ళని తాగుతాను' అని పలికింది. నోటితో 'మిజు ని నొమిమాసు' అన్నాను. జపనీసులోనూ 'ని' ఉంది, కానీ అది మన 'ని' కాదు. అది మన 'కి', మన 'లో'. మన 'ని'ని వాళ్ళు 'ఓ' అంటారు. అంటే నేను 'నీళ్ళకి తాగుతాను' అన్నట్టయింది. క్లాసంతా గొల్లుమంది. ఈ పొరపాటు తెలుగు నోటికి తప్ప ఇంకెవరికీ సాధ్యం కాదు.

సారు నవ్వలేదు. మిమ్మల్ని ముంచుతున్నది మీ తెలుగే అన్నారు. రేపట్నుంచి దాన్ని చెప్పులతో పాటు గుమ్మం బయట విడిచి రమ్మన్నారు. క్లాసులో తెలుగు మాట వినబడకూడదని, పాఠం తెలుగులో నేర్చుకున్నా నేర్పినా సీటు ఉండదని నియమం పెట్టారు. జపాను నుంచి ఆశ్రమం వాళ్ళ తరఫున ఒక పెద్దావిడ వస్తున్నారనీ, సోమవారం ఆవిడ ఎదుట పార్టికల్స్‌లో తప్పినవాళ్ళ జపాను సీటు తర్వాతివాళ్ళకి వెళ్తుందనీ చెప్పారు.

మా మందిరంలోనూ చెప్పులు బయటే విడుస్తాం. భాషని మాత్రం లోపలికి తీసుకెళ్తాం. నేను దేవుణ్ణి తెలుసుకున్నది ఈ భాషలో. ఏడ్చింది, పాడింది, చనిపోయేవాళ్ళ చెయ్యి పట్టుకుని ప్రార్థన చేసింది ఈ భాషలో. దాన్ని గుమ్మం బయట పెట్టమనే అధికారం ఎవరికీ లేదనిపించింది. పరీక్షకి ముందు సెలవులొచ్చాయి. ఆ సెలవుల్లో ఈ చిన్న మాటలన్నీ తెలుగులోనే నేర్చుకుంటానని పంతం పట్టాను. నా పక్కన కూర్చునే నాగమణిది కొల్లేరు లంక. సెలవులకి ఇంటికి వెళ్ళింది. వాళ్ళూరు వెళ్ళి, ఇద్దరం కలిసి సోమవారం ఏలూరు చేరాలనుకున్నాను.

పెంటపాడు

శనివారం మా మేనత్త ఇంటికి వెళ్ళాను. గూడెం పక్కనే, ఆటోలో కూర్చుని రెండు మాటలు మాట్లాడేలోగా వచ్చేస్తుంది. దాళ్వా, అదే రెండో పంట, నాట్లు పడి చేలు అప్పుడే పచ్చబడుతున్నాయి. సాయంత్రం అత్తయ్య ఇంట్లో ప్రార్థన కూడిక ఉంది. మా గూడెంలో కూడిక అయ్యాక టీ, బిస్కెట్లు ఇస్తారు. ఇక్కడ అలా కుదరదు. పులిహోర పెట్టాలి, అది తినకపోతే ఇంటావిడ బాధపడాలి, మళ్ళీ పెట్టించుకోవాలి.

చిన్నప్పుడు సండే స్కూల్లో బైబిలు వాక్యాలు కంఠస్థం చేసే పోటీల్లో నాకు బహుమతి రాని ఏడాది లేదు. ఆ పోటీలో మాట మరిచిపోతే అందించేవారు, విభక్తి తప్పితే మాత్రం ఆపేసేవారు. 'లో' ఉన్నచోట 'తో' అంటే ఇక కూర్చోవడమే. దేవునిలో ఉండడం వేరు, దేవునితో ఉండడం వేరు, దేవుని కోసం ఉండడం వేరు. ఒక్క 'యందు' మీద గంటసేపు ప్రసంగం చేసిన దైవజనుల్ని విని పెరిగాను. అలాంటిదాన్ని, విభక్తులు రాని మనిషినని ఇంగ్లీషులో రుజువు చేస్తుంటే ఊరుకోబుద్ధి కాలేదు.

వంటింట్లో అత్తయ్యకి పప్పు రుబ్బి పెడుతూ నా పాఠం నేను గొణుక్కుంటున్నాను. 'తొమొదాచి తో ఇకిమాసు' అంటే స్నేహితురాలితో వెళ్తాను. ఆ 'తో' నోట్లోంచి వచ్చాక చెయ్యి ఆగిపోయింది. అది మన 'తో'. అదే శబ్దం, అదే పని. ఇన్నాళ్ళూ నేను దాన్ని 'విత్' అని కంఠస్థం చేస్తున్నాను. అత్తయ్యకి చెబితే, వాళ్ళు మన దగ్గరే నేర్చుకుని ఉంటారని తేల్చేసింది. అంత సంబరమూ నిలవలేదు. 'చెంచాతో తింటాను' అనబోతే పుస్తకంలో అక్కడ 'తో' లేదు, 'దే' ఉంది. మనిషితో అయితే 'తో', వస్తువుతో అయితే 'దే'. మనకి రెండూ ఒకటే. నేను తల పట్టుకుంటే అత్తయ్య గరిటె చూపించి అంది:

"మనిషికీ దీనికీ తేడా చూపించారన్నమాట. మర్యాదస్తులేనే."

ఆ తర్వాత నేను 'తో', 'దే' ఎక్కడా తప్పలేదు.

కూడికకి వచ్చిన సంఘపెద్ద ఒకాయనకి నేను జపాను వెళ్ళడం ఇష్టం లేదు. ఆడది ఒంటరిగా అంతదూరం ఎందుకన్నది ఆయన అసలు మాట. దాన్ని నేరుగా అనలేక చుట్టూ తిప్పి అన్నారు.

"భాషలు పరిశుద్ధాత్మ ఇచ్చే వరం కదమ్మా. ఉపవాసముండి అడిగితే రావా? ఏలూరు వెళ్ళి ఫీజు కట్టాలా?"

"భాషలు వస్తాయండి. విభక్తులు మాత్రం కూర్చుని చదివితేనే వస్తాయండి."

అందరూ నవ్వారు, ఆయన కూడా నవ్వాల్సి వచ్చింది. ముగింపు ప్రార్థనలో నా పేరెత్తి, 'ఆ చిన్న చిన్న మాటల్లో ఈ బిడ్డ తొట్రుపడకుండా' అని ప్రార్థించారు. ఆయన మనసు మారిందని కాదు. అయినా ఆ ప్రార్థన నేను తీసుకున్నాను.

భీమడోలు రైలు

ఆదివారం ఆరాధన మానే అలవాటు నాకు లేదు. పెంటపాడులోనే ఆరాధన ముగించుకుని, గూడెం వచ్చి మధ్యాహ్నం పాసింజరు ఎక్కాను. కిటికీ పక్కన కూర్చుని పెదవులు కదుపుతున్నాను. ఎదురు సీట్లో భీమడోలు రైతు ఒకాయన, వయసు డెబ్బై దాటి ఉంటుంది, ఒళ్ళో ఎరువుల సంచితో కుట్టించిన చేతిసంచి పెట్టుకుని నన్నే చూస్తున్నాడు. చివరికి ఆగలేక అడిగాడు.

"ఏవండీ అమ్మగారూ, ఏ స్తోత్రమండీ అది?"

స్తోత్రం కాదు విభక్తులని చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది. బళ్ళో నేర్చుకున్న డు, ము, వు, లు మొదలుపెట్టి చేతన్, చేన్ దాకా వచ్చి అక్కడ ఇరుక్కున్నాడు. పక్క సీట్లోవాళ్ళు అందించారు. బోగీ సగం చిన్నపిల్లల క్లాసైంది. గూడెం ప్లాట్‌ఫారం మీద ఇరవై రూపాయలకి కొన్న జామకాయలు సంచిలోంచి తీసి, పెద్దది ఏరి నాకిచ్చాడు. మా వైపు తెలియనివాళ్ళు ఇచ్చింది తినొద్దని పిల్లలకి నేర్పుతున్నాం. నేను తిన్నాను.

ఆయన మాట్లాడుతున్నంతసేపూ నా చెవి ఒక్కదాని మీదే ఉంది. ప్రతి మాట చివరా 'అండి'. ఎండండి, పంటండి, మా మనవరాలండి. జపనీసులో వాక్యం చివర 'దెసు' అని వస్తుంది. 'కోరె వా మిజు దెసు.' సారు దాన్ని ఈజ్, ఆమ్, ఆర్ అని విడగొట్టి చెబితే నాకు వారం పట్టింది, అయినా ఒంటికి పట్టలేదు. ఇప్పుడు పట్టింది. ఇవి నీళ్ళండి. అంతే. చివర ఆ మాట లేకపోతే అక్కడ మొరటు మనిషంటారు, ఇక్కడా అంటారు. ఈ మాట చెబితే ఆయన ఎంతో తృప్తిపడ్డాడు.

"అయితే ఆళ్ళూ మనోళ్ళేనండి."

నా పంతానికి దెబ్బ కూడా ఆయన నోటి నుంచే తగిలింది. తను ఎప్పుడూ రైలు మీదే వెళ్తాననీ, బస్సు మీద వెళ్తే నడుం పట్టేస్తుందనీ అన్నాడు. మా గోదావరి జిల్లాల్లో అందరం అలాగే అంటాం. రైలు మీద వచ్చాను, బండి మీద వెళ్ళాను, పడవ మీద దాటాను. ఈ 'మీద'ని జపనీసులో పెట్టి చూసుకుంటే నా ముందు ఒక గుంట కనబడింది. వాళ్ళకి 'రైలు మీద' అంటే రైలు పైకప్పు మీద. సారు భయపడింది వీటికేనేమో. ఆయన మాటలో ఒక పాలు నిజం ఉందని ఆ రైల్లో ఒప్పుకున్నాను. అయితే ఆ గుంట కనబడింది కూడా తెలుగులో వెతికితేనే కదా. ఇంగ్లీషులో ఎంత తవ్వినా మా 'మీద' దొరకదు. రైతుకి సంగతి చెప్పాను. ఆయన తల పైకెత్తి బోగీ పైకప్పు వైపు చూసి, పంచె జారిపోతుందేమో అన్నట్టు పట్టుకుని, కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వాడు.

లంక

భీమడోలులో దిగి టీ తాగి షేర్ ఆటో ఎక్కాను. కాసేపటికి వరిచేలు అయిపోయి చేపల చెరువులు మొదలయ్యాయి. రోడ్డుకి అటూ ఇటూ నీళ్ళే, మధ్యలో గట్లు. ఏది సరస్సో, ఏది చెరువో కొత్తవాళ్ళకి తెలియదు. ఆ ఊళ్ళవాళ్ళు కూడా ఆ మాట ఎత్తితే గొంతు తగ్గించి మాట్లాడతారు. గట్లు ఎవరివి, వాటిని కొట్టేయాలా ఉంచాలా అన్న గొడవ అక్కడ ఎప్పుడూ రాజుతూనే ఉంటుంది.

ఆటో ఆగినచోట కాలవ దాటాలి. నాగమణి వాళ్ళ నాన్న రాఘవులుగారు దోనె తెచ్చారు. దోనె అంటే చిన్న పడవ, ఒళ్ళు కాస్త అటూ ఇటూ అయితే ఊరుకోదు. నేను మర్యాద కోసం నిలబడి 'వందనాలండి' అని చేతులు జోడించాను. దోనె ఒక పక్కకి ఒరిగింది. నా కుడికాలు మోకాలి దాకా నీళ్ళ మీద తేలే గుర్రపుడెక్కలోకి వెళ్ళింది, చెప్పు అక్కడే ఉండిపోయింది. రాఘవులుగారు నొచ్చుకున్నారు.

"ఆయ్, కూర్చునే దండం పెట్టొచ్చండి. మా నీళ్ళు ఏవీ అనుకోవండి."

మిగిలిన ప్రయాణమంతా నాగమణి చెప్పులతో చేశాను. అవి నా కాలికి పొట్టి.

వాళ్ళింట్లో బొమ్మిడాయిల పులుసు పెట్టారు. మా గూడెంలో పులుసులో చింతపండు ముందుంటుంది, ఇక్కడ చేప ముందుంటుంది. గిన్నె దించాక నాగమణి వాళ్ళమ్మ గోడకున్న అమ్మవారి పటం ముందు ఒక్క క్షణం నిలబడింది. నేను కళ్ళు మూసుకుని పైకే ప్రార్థన చేసుకున్నాను. నేను కళ్ళు తెరిచేదాకా ఎవరూ కంచంలో చెయ్యి పెట్టలేదు. నా దేవుడి సంగతి నేను దాచను, వాళ్ళ అమ్మవారి సంగతి వాళ్ళూ దాచరు. ఆ ఇంట్లో ఇద్దరికీ ఇబ్బంది కలగలేదు.

నాగమణి మాత్రం మామూలుగా లేదు. పుస్తకం తెరవడం మానేసింది. పెరట్లో గిన్నెలు తోముతూ నెమ్మదిగా చెప్పింది.

"నాకు ఇంగ్లీషే సరిగ్గా రాదక్కా. దాని మీద జపనీసు ఎక్కడ నిలబెట్టను? పోతే పోయింది. రొయ్యల షెడ్డులో పని ఉండనే ఉంది."

రొయ్యల షెడ్డు అంటే పొద్దుట్నుంచి ఐసు నీళ్ళలో చేతులు పెట్టి రొయ్యల తలలు తీయడం. ఆ పిల్ల వేళ్ళు ఇప్పటికే చివర్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. తనని ఆ షెడ్డుకి తిరిగి పంపేది ఒక 'ని', ఒక 'దే' అయితే నేను ఒప్పుకోదలచుకోలేదు. ఇంగ్లీషు మీద నిలబెట్టొద్దు, నువ్వు నిలబడ్డచోటే నిలబెట్టుకో అన్నాను.

ఆ సాయంత్రం గట్టు మీద కూర్చున్నాం. మా ఇద్దరికీ పెద్ద చిక్కు 'లో'. కొల్లేరులో చేపలున్నాయి అన్నా, కొల్లేరులో చేపలు పడతాం అన్నా మనకి ఒకటే 'లో'. వాళ్ళకి మొదటిది 'ని', రెండోది 'దే'. సారు దీన్ని ఇంగ్లీషులో చెప్పినప్పుడు ఇద్దరికీ ఎక్కలేదు, ఎందుకంటే ఇంగ్లీషులో కూడా అది ఒకటే మాట. నేను నాకు తెలిసిన చోటుకి వెళ్ళాను. మందిరంలో కూర్చుంటాం, మందిరంలో పాడతాం. కూర్చున్నప్పుడు ఆ చోట ఉన్నాం, పాడినప్పుడు ఆ చోట ఒక పని చేస్తున్నాం. ఉండడానికి 'ని', చేయడానికి 'దే'. నాగమణి దాన్ని వెంటనే నీళ్ళలోకి లాక్కుంది. చేపలు కొల్లేరు 'ని' ఉంటాయి, నాన్న కొల్లేరు 'దే' పడతాడు. తర్వాత ఏ వాక్యం ఇచ్చినా ముందు తనలో తాను 'ఉండడమా, చేయడమా' అని ప్రశ్నించుకుని, జవాబు చెప్పేది. వాళ్ళ నాన్న వల బాగుచేసుకుంటూ మమ్మల్ని ఆట పట్టించారు, మధ్యాహ్నం అన్నం తిని అరుగు మీద పడుకుంటే అది ఉండడమా చేయడమా అని. ఆయన భార్య లోపల్నుంచి, మీ విషయంలో అయితే రెండూ కాదంది.

నాకు అన్నిటికంటే ఆనందం కలిగించింది వేరే మాట. 'నాకు చేపలు ఇష్టం' అని వాళ్ళూ అంటారు. చేప అక్కడ కర్మ కాదు, కర్త. 'సకానా గా సుకి దెసు.' ఇంగ్లీషు నుంచి వచ్చినవాళ్ళు ఐ లైక్ ఫిష్ అనుకుని అక్కడ 'ఓ' పెట్టేస్తారు. మా క్లాసులో కాన్వెంటులో చదివినవాళ్ళందరూ అక్కడే పడ్డారు. 'నాకు అర్థమవుతుంది' కూడా అంతే. మనం 'జపనీసు అర్థమవుతుంది' అంటాం, 'జపనీసుని' అనం. వాళ్ళూ అనరు. మా తెలుగు మమ్మల్ని ముంచుతుందన్న సారు ఆ గట్టు మీద ఉండి ఉంటే బాగుండేది.

దోనె మీద, కాదు, దోనెతో

సోమవారం పొద్దున రాఘవులుగారు మమ్మల్ని మళ్ళీ దోనెలో రోడ్డు దాకా దించారు. ఈసారి కూర్చునే ఉన్నాను. దూరంగా గూడబాతులు నీళ్ళ మీద మూటల్లా ఉన్నాయి. పరీక్షకి ఇంకా ఒకటే తేలలేదు. 'నేను' అనడానికి వాళ్ళకి రెండు దారులున్నాయి: 'వతాషి వా', 'వతాషి గా'. పుస్తకంలో ఎనిమిది పేజీలున్నాయి దాని మీద. ఎనిమిదీ చదివినా ఇద్దరికీ తేడా చిక్కలేదు.

నాగమణి వాళ్ళ నాన్నని, నువ్వు కూడా ఏలూరు వస్తావా అని అడిగింది. ఆయన తెడ్డు వేస్తూనే, నేనైతే రానమ్మా అన్నారు. మరి సామాను రోడ్డు మీదకి ఎవరు మోస్తారంటే, నేనే మోస్తాను అన్నారు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నేనైతే. నేనే. 'వా' అంటే నా సంగతి ఎత్తుకుని చెప్పడం. 'గా' అంటే ఆ పని చేసింది ఇంకెవరో కాదు, నేనే అని చెప్పడం. ప్రతిచోటా ఇలాగే కుదురుతుందో లేదో నాకు తెలియదు. ఆ పూటకి చాలింది.

ఏలూరు

ఆటో దిగి ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కేసరికి అందరూ వచ్చేశారు. జపాను నుంచి వచ్చిన పెద్దావిడ సన్నగా, తెల్ల జుట్టుతో, మా వాళ్ళు ఇచ్చిన కొబ్బరిబోండాం రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు. గుమ్మం దగ్గర ఆవిడ చెప్పులు మా చెప్పుల పక్కనే, ముక్కులు బయటికి తిప్పి పొందిగ్గా ఉన్నాయి. సారు పక్కన నిలబడి పేర్లు పిలిచారు.

నన్ను ముందు పిలిచారు. ఏం తాగుతారంటే, 'మిజు ఓ' అన్నాను. ఆ 'ఓ'ని పాటలో దేవుణ్ణి పిలిచినట్టు పిలిచాననుకుంటాను, ఆవిడ తల ఊపారు. ఇక్కడికి దేని మీద వచ్చారంటే ఒక్క క్షణం ఆగాను. 'మీద' నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, 'ఫునె దే కిమాషితా' అన్నాను. పడవతో వచ్చాను. ఆవిడకి నమ్మకం కలగలేదు కాబోలు, బురద అంటిన నా చీర అంచు చూసి నమ్మారు. సారు నా పేరు ఎదురుగా గుర్తు పెట్టారు. పాసయ్యానని నాకు తెలిసిపోయింది. లోపల స్తోత్రం చెప్పుకున్నాను.

తర్వాత నాగమణి. మీ ఊళ్ళో ఏమున్నాయని ఆవిడ అడిగారు. ఈ పిల్ల రెండు చేతులూ ఒళ్ళో బిగించి, కొల్లేరు 'ని' చేపలున్నాయంది. సరిగ్గా చెప్పింది. మీ నాన్నగారు ఏం చేస్తారు, ఎక్కడ చేస్తారు అన్నది తర్వాతి ప్రశ్న. ఆగింది. తన గొణుగుడు అందరికీ వినబడింది.

"ఉండడమా... చేయడమా..."

తర్వాత జవాబు స్పష్టంగా చెప్పింది. కొల్లేరు 'దే' మా నాన్న చేపలు పడతాడు. ఎక్కడా తప్పు లేదు. పెద్దావిడ సంతోషించారు. సారు మాత్రం చెయ్యెత్తి ఆపారు. తెలుగు వినబడింది. ఆయన పెట్టిన నియమాన్ని ఆ గదిలోనే, పరాయి దేశం నుంచి వచ్చిన మనిషి ఎదుట నాగమణి మీరింది. ఆయన మొహం ఎర్రబడింది. ఆ విద్య తను నేర్పలేదని ఆవిడకి తెలియాలనో ఏమో, జపనీసులోనే గట్టిగా అడిగారు.

"దారె గా ఒషియెమాషితా కా?"

ఎవరు నేర్పారు? నాగమణి తల వంచుకుంది. నా పేరు చెబితే నా సీటు పోతుంది. చెప్పకపోతే తన సీటు పోతుంది. తను చెప్పదని నాకు తెలుసు. ఆ పిల్ల వేళ్ళ చివర్లే నాకు కనబడ్డాయి. లేచి నిలబడ్డాను.

"వతాషి గా ఒషియెమాషితా."

'వా' అనలేదు. 'గా' అన్నాను. నేర్పింది నేనే. ఆ వాక్యంలో తప్పు పట్టడానికి సారుకి కూడా ఏమీ దొరకలేదు.

పెద్దావిడ ఏమిటని అడిగితే సారు చాలాసేపు వివరించారు. ఆవిడ విని, నాగమణి పేరు ఎదురుగా తన చేత్తో తనే గుర్తు పెట్టారు. నా విషయం మీ క్లాసు నియమం, మీరే చూసుకోండి అన్నట్టు సారు వైపు చూశారు. ఆవిడని నేను తప్పు పట్టను. ఇంకొకరి ఇంటి కట్టుబాటులో వేలు పెట్టకపోవడం కూడా మర్యాదే.

అందరూ వెళ్ళాక సారు నన్ను పిలిచారు. కోపం తగ్గింది, మనిషి అలిసిపోయి ఉన్నాడు. రేపు క్లాసు ముందు నిలబడి, తెలుగులో నేర్చుకోవడం పొరపాటని ఒక్క మాట అంటే చాలు, నా సీటు నాకే ఉంటుందన్నారు. తన మాట నిలబడకపోతే క్లాసు నడపలేనని కూడా అన్నారు. అది ఆయన దురుసుగా అనలేదు. నా మేలు కోరే అన్నారు. అందుకే జవాబు చెప్పడం మరింత కష్టమైంది.

"నీళ్ళ దగ్గర 'ని' అన్నాను సార్, అది నా తప్పే. ఎన్నిసార్లయినా ఒప్పుకుంటాను. తెలుగు తప్పని మాత్రం నా నోటితో అననండి. నేను ప్రార్థన చేసుకునే నోరండి ఇది."

ఆయన జాబితాలో నా పేరు ఎదుటి గుర్తు కొట్టేశారు. అయితే వచ్చే బ్యాచ్‌లో చూద్దాం అన్నారు. నమస్కారం చెప్పి మెట్లు దిగాను. నాగమణి కింద ఏడుస్తూ నిలబడి ఉంది. దాని చెప్పులు దానికి తిరిగిచ్చేశాను. పవర్‌పేట దగ్గర కొత్తవి కొనుక్కున్నాను. ధర గూడెం కంటే ఎక్కువే చెప్పాడు, ఆ పూట బేరమాడే ఓపిక లేక ఇచ్చేశాను.

మళ్ళీ గూడెం

ఇంటికి గంటలోపే వచ్చేశాను. ఒక్క మాట అని ఉంటే పోయేదేముందని మా వాళ్ళే చాలామంది అన్నారు. తగ్గించుకున్నవాళ్ళు హెచ్చింపబడతారు కదా అని వాక్యం చూపించినవాళ్ళూ ఉన్నారు. నన్ను నేను తగ్గించుకోమంటే తగ్గించుకుంటాను. రోగుల మలమూత్రాలు ఎత్తిన చేతులివి, వాటికి పెద్ద గర్వం లేదు. కానీ నన్ను తగ్గించుకోవడం వేరు, నాది కానిదాన్ని తగ్గించడం వేరు. తెలుగు నా ఒక్కదానిదే కాదు. నాగమణిది, రైల్లో జామకాయ ఇచ్చిన రైతుది, దేవుని వాక్యాన్ని ఆ భాషలో వినే ప్రతివాళ్ళదీ.

నాగమణి కాగితాల పని జరుగుతోంది. నేను వచ్చే బ్యాచ్ పరీక్షకి వెళ్తాను. అదే గది, అదే సారు. మళ్ళీ లోపలికి వెళ్ళేటప్పుడు చెప్పులే విడుస్తాను.

ఈలోగా ఒక పని మొదలుపెట్టాను. మా పాస్టరు అయ్యగారిని అడిగితే మందిరం పక్కనున్న హాలు గురువారం సాయంత్రాలు వాడుకోమన్నారు. ఏ సంఘం వాళ్ళయినా, ఏ దేవుడి వాళ్ళయినా రావచ్చన్నారు. హాలు తలుపు మీద నేనే ఒక అట్ట ముక్క కట్టాను. దాని మీద రాసింది ఇంతే:

జపనీసు తరగతి. గురువారం సాయంత్రం. అర్హత: తెలుగు వచ్చి ఉండాలి.